ఐదో అధ్యాయం, రెండో ప్రూఫు

ఛత్తా బజారులో పెళ్ళికార్డుల దుకాణాల వెనక
మెట్లకింద నా గది.
కోఠిలో అమ్మే డిగ్రీ గైడుకి టైపు కొడుతున్నాను.
పేజీకి ముప్పై ఐదు. పటాలకు వేరే.

ఐదో అధ్యాయం మధ్యయుగం.
మొదటి ప్రూఫులోనే బాగ్దాదుకు దెబ్బ తగిలింది.
ఫాంటు మార్చగానే
జ్ఞానగృహం మొదటి అక్షరం పగిలి
జ ఒక దరిన, ఞ ఒక దరిన,
నడుమ ఒక ఖాళీ డబ్బా.
మంగోలు గుర్రాలైనా ఇంత శుభ్రంగా తొక్కి ఉండవు.

పక్కగదిలో సిబ్ఘతుల్లా సాబ్ నవ్వారు.
కాతిబు. ఒకప్పుడు కార్డంతా ఆయన చెయ్యే.
ఇప్పుడు పైనున్న బిస్మిల్లా ఒక్కటే అడుగుతారు,
తక్కినదంతా నాలాంటివాళ్ళం మిషన్లో కొట్టేస్తాం.
"నదిల కితాబులు పారేస్తే
నీళ్ళు సిరా లెక్క నల్లగైనయంట బేటీ.
నిజమో అబద్ధమో నాకేమెరుక.
మన మూసీని చూస్తే మాత్రం నమ్మబుద్ధయితది."

ప్రశ్న పద్నాలుగు: అచ్చుయంత్రం వల్ల కలిగిన ఫలితములు రాయుము.
జవాబుకి ఆరు పాయింట్లు.
పుస్తకం చవకైంది, చర్చి మాటకి ఎదురుమాట పుట్టింది,
ఇట్లా.
ఏడోది నేనే చేర్చి, మళ్ళీ కొట్టేశాను:
మఠంలో చలికి వేళ్ళు కొంకర్లుపోయే రాతగాడొకడు
ఆ సాయంత్రం ఈకకలం కడిగి ఆరబెట్టాడు.
మళ్ళీ తియ్యలేదు.
పేరు తెలీదు. మార్కులూ రావు.

అది చదివి వినిపిస్తే
సాబ్ చాలాసేపు రెల్లుకలం చెక్కుతూ కూర్చున్నారు.
"తప్పు పడితే ఏం చేసేటోడు?"
తోలు మీద రాత కదా, చాకుతో గీకేవాడు, అన్నాను.
"అయితే మంచోడే."

వెనిస్ దగ్గర ఓడల్ని నలభై రోజులు నిలిపేవారట,
లోపలున్న చావు బయటపడేదాకా.
సాబ్ వేళ్ళు మడిచారు: చిల్లా కూడా నలభయ్యే.
మా మేనత్త మండలం పట్టినా దాదాపు అంతే.
ఆ ఏడు ఈ గల్లీ షట్టర్లు నలభై దాటి
ఎక్కడిదాకా పోయాయో లెక్క తప్పింది.
పదకొండో నంబరు దుకాణం ఇంకా తెరవలేదు.
దాన్ని ఏ అధ్యాయంలో కొట్టమంటారో,
పేజీకి ఎంతిస్తారో.

మన సున్న అరబ్బుల నోట సిఫర్ అయ్యి
ఎడారులు దాటి, సముద్రం దాటి
ఇటలీ వర్తకుల జమాఖర్చుల్లో కుదురుకుందని
ఇరవై మూడో పేజీ.
మా బద్రి సేటు నా బిల్లులో దాన్నే ఒకటి తగ్గించాడు.
"సున్నే కదమ్మా" అన్నాడు.

ఇంతకీ మధ్య అని ఎవరన్నారు?
తర్వాత వచ్చినవాళ్ళు. తామే తెల్లారామనుకున్నవాళ్ళు.
చలిలో వేళ్ళు ఊదుకునే ఆ రాతగాడికి
తాను దేనికీ మధ్యలో ఉన్నట్టు తెలీదు.
అతనికది మంగళవారం.
అరపేజీ మిగిలింది, దీపంలో నూనె తక్కువుంది, అంతే.

ఇక్కడా మంగళవారమే.
కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని ఆగిపోయింది.
నా అధ్యాయం మొత్తం చీకట్లోకి జారుకుంది,
సాబ్ మాత్రం కిటికీవైపు జరిగి
రాస్తూనే ఉన్నారు.

చిత్తుకాగితం మీద పెద్దగా జ్ఞా రాసి ఇచ్చాను.
తెలుగు చదవరు ఆయన.
తలకట్టు ఏది, కింద వేలాడేదేమిటని అడిగి
కుడినుంచి ఎడమకి మూడుసార్లు ప్రయత్నించారు.
మొదటిది కొంగలా వచ్చింది. రెండోది పడవ.
మూడోది కొంచెం పక్కకి ఒరిగింది గానీ
ఎక్కడా విరగలేదు.

కరెంటొచ్చాక దాన్ని స్కాను తీసి
బాగ్దాదులో ఆ ఖాళీ డబ్బా ఉన్నచోట కూర్చోబెట్టాను.
చుట్టూ ఉన్నవాటికన్నా మందంగా ఉంది,
తడి ఆరనట్టుంది.
సేటు చూస్తే అక్షరం వంకరంటాడు.

మార్జిన్లో ఎర్రపెన్నుతో
సరి అని రాసి పంపేశాను.